పణము – ఫలము

ఒక పని సరియైనదా కాదా అని నిర్ణయించుటకు దాని ఫలమును చూచుట లోకమునందలి వాడుక. పంట చేతికి వచ్చినచో రైతు తెలివిగలవాడు. అదే విత్తనము, అదే సేద్యము, వాన కురియనిచో తెలివిమాలినవాడు. కుమారునకు ఉద్యోగము దొరకినచో తండ్రి ముందుచూపు గలవాడు. దొరకనిచో చదువు పేరిట ధనమును పాడుచేసినవాడు. ఈ అలవాటు ఎంత బలమైనదనగా, కర్మమును ఫలమునుండి వేరు చేసి చూడవలెనను గీతోపదేశమును ప్రతిదినము పారాయణము చేయువారు సైతము ఇంటి జమాఖర్చుల యొద్దకు వచ్చునప్పటికి దానిని మరచుచుందురు. వినుటకు సులభమైన ఆ ఉపదేశము ఆచరణమున ఎంత కష్టమో అంకెలతో సహా చూపు లౌకిక విద్య యొకటి కలదు. అది పూజనీయమైన విద్య కాదు. చీట్లపేక. అందును అమెరికా దేశమునందు పుట్టిన పోకరు ఆటలో లిమిట్ హోల్డెమ్ అను ఒక భేదము. అందును స్వల్పమైన పందెములతో, క్రొత్తగా నేర్చువాడు ఆడు ఆట.

భక్తిపత్రికయందు జూదము ప్రసక్తి యేల అని కొందరకు తోచవచ్చును. పాచికల ప్రసక్తి లేకున్నచో భారతకథయే లేదని మాత్రము చెప్పి ముందుకు పోవచ్చును.

ఈ ఆటకు జన్మస్థానము టెక్సాస్ రాష్ట్రమందలి రాబ్స్‌టౌన్ అను చిన్న పట్టణమని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో తీర్మానించినది. 1960లలో ఇది లాస్ వేగాస్ నగరమునకు చేరినది. 1980ల చివరి భాగమున కాలిఫోర్నియా రాష్ట్రపు పేకాట గృహములలో అనుమతింపబడి సామాన్యులకు అందుబాటైనది. ఆట పద్ధతి కఠినము కాదు. బల్ల చుట్టు తొమ్మిదిమందియో పదిమందియో కూర్చుందురు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచబడును. అటుపై బల్ల నడుమ అందరకును ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరువబడును: మొదట మూడు, పిదప ఒకటి, చివరకు మరియొకటి. ఈ ఏడింటినుండి మేలైన అయిదు ముక్కల కూర్పు ఎవరికి కలదో వారిదే నడుమనున్న పందెపు రాశి. ముక్కలు పంచినపుడు ఒకసారి, తెరచినపుడెల్ల ఒకసారి, మొత్తము నాలుగు దశలలో పందెములు నడచును. ప్రతి దశయందును ఆటగాడు తన ముక్కలను పడవేసి తప్పుకొనవచ్చును, సమానముగ ఒడ్డవచ్చును, లేక పందెమును పెంచవచ్చును.

లిమిట్ అనగా హద్దు. రెండు–నాలుగు డాలర్ల బల్లయందు మొదటి రెండు దశలలో పందెము 2 డాలర్లు, చివరి రెండు దశలలో 4 డాలర్లు. ఒక్కొక్క దశలో ఒక పందెమును, దానిపై మూడు పెంపులును. అంతకు మించి వీలులేదని సాధారణ నియమము. ఆ లెక్కన ఎంతటి తొందరపాటు గలవాడైనను ఒక పంపకమునందు 48 డాలర్లకు మించి పోగొట్టుకొనజాలడు. హస్తినాపురమున జరిగిన ద్యూతమునకు ఇట్టి హద్దు లేకుండెను. మణిహారముతో మొదలైన పణము రథములకును, ఏనుగులకును, రాజ్యమునకును, తమ్ములకును, తనకును, చివరకు ద్రౌపదికిని పాకినది. ఓడినవాడు పోయినదానిని రాబట్టుకొనుటకు అంతకంటె పెద్ద పణమును ఒడ్డగలుగుట, ఒక్కసారిగా సర్వస్వమును ఒడ్డగలుగుట, ఈ రెండును లేనందువలననే లిమిట్ ఆట నేర్చుకొనువానికి కొంత తాళుకొని ఆలోచించు వ్యవధి దొరకును. అయినను హద్దు పంపకమునకే గాని రాత్రికి కాదు. రాత్రి అంతయు కూర్చున్నవానికి ఏ నియమమును అడ్డురాదు.

క్రొత్తవాడు నేర్వవలసిన మొదటి పాఠము ఆడుట కాదు, మానుట. రెండు ముక్కలతో ఏర్పడు జతలు మొత్తము 1,326; గుర్తుల తేడాను ప్రక్కన పెట్టి సమానమైనవానిని కలిపినచో 169 రకములు. ఇందు నిండు బల్లపై ఆడదగినవి అయిదింట ఒకటికి మించవని నిపుణులు చెప్పుదురు. అనగా గంటలో అధికభాగము ఊరక కూర్చుండవలెను. ధనము చెల్లించి ఊరక కూర్చుండుటకు ఎవరును రారు. కావున క్రొత్తవాడు అన్ని ముక్కలతోను ఆడును. ఎవరో చెప్పగా ఒకనాడు మానుటకు నిశ్చయించుకొని ఏడు, రెండు చేతికి రాగా పడవేయును. ఇంతకంటె తక్కువ జత లేదు. బల్లపై ఏడు, ఏడు, రెండు తెరచుకొనును. ఇక వాని ప్రాణము విలవిలలాడును. వాడు చేసినది తప్పా? పడవేయునపుడు వానికి తెలిసినదేమి, తెలియనిదేమి అని అడిగినచో తప్పు కాదని పిల్లవాడైనను చెప్పగలడు. కాని వాని మనస్సు ఆ ప్రశ్న అడుగదు. తెరచుకొన్న ముక్కలనే చూచును.

ఇంతకంటె కఠినమైన పాఠము మరియొకటి. ఆటగాని చేతిలో రెండు ఆఠీను ముక్కలు, ఆసు అందొకటి. బల్లపై తెరచిన నాలుగింటిలో మరి రెండు ఆఠీనులు ఉన్నవనుకొందము. అయిదవ ఆఠీను వచ్చినచో గెలుపు, రానిచో ఓటమి. ఇంకను కనబడని ముక్కలు 46. అందు ఆఠీనులు 9. ఎదుటివాడు 4 డాలర్లు ఒడ్డగా నడుమనున్న రాశి 24 డాలర్లైనది. ఇపుడు 4 డాలర్లు పెట్టి నిలువవలెనా, తప్పుకొనవలెనా? ఇట్టి సందర్భము 46 మారులు వచ్చినదనుకొని, ప్రతి ముక్కయు ఒక్కొక్కమారు తెరచుకొన్నదనుకొనిన, 37 మారులు 4 డాలర్ల చొప్పున పోవునది 148. 9 మారులు 24 డాలర్ల చొప్పున వచ్చునది 216. మిగులు 68 డాలర్లు. కావున నిలుచుటయే సరియైన కర్మము. కాని ఆ సరియైన కర్మమును చేసినవాడు 46 మారులలో 37 మారులు ఓడును. అయిదింట నాలుగు మారులు, సరిగా చేసినందులకు, వాని ధనము ఎదుటివాని ముందుకు పోవును.

తప్పు కర్మమునకును ఇట్లే బహుమానము దొరకును. చేతిలో ఎనిమిది, తొమ్మిది. బల్లపై అయిదు, ఆరు, రాజు, రాణి. వరుస పూర్తియగుటకు ఏడు ఒక్కటియే కావలెను. అట్టివి నాలుగే. అదే 24 డాలర్ల రాశికి అదే 4 డాలర్లు ఒడ్డినచో 42 మారులు పోవునది 168, నాలుగు మారులు వచ్చునది 96. ఇది నష్టపు పని. అయినను ఏడు తెరచుకొన్న రాత్రి వానిని బల్లయంతయు మెచ్చుకొనును. వాడును తన ధైర్యమును తానే మెచ్చుకొనును. మరునాడు అదే చేయును. తప్పునకు శిక్ష పడుటకంటె తప్పునకు బహుమానము దొరకుట మనుష్యుని ఎక్కువ చెరచునని ఏ పెద్దమనిషి యైనను ఎరుగును. ఈ బల్లపై అది గంటకు పలుమారులు జరుగుచుండును.

ఈ ఆటపై 2004లో ఎడ్ మిల్లర్, డేవిడ్ స్క్లాన్స్కీ, మేసన్ మాల్మత్ అను ముగ్గురు కలిసి వ్రాసిన గ్రంథమొకటి స్వల్పపందెముల వారికి పాఠ్యపుస్తకము వంటిది. రాశి పెద్దదైనపుడు చివరి పందెమునకు జంకి తప్పుకొనుట పెద్ద దోషమని అట్టి పుస్తకములు బోధించును. రాశి 40 డాలర్లుండి, చూచుటకు 4 డాలర్లు చాలునన్నచో, పదింట తొమ్మిది మారులు ఓడినను పదవమారు వచ్చునది ఆ తొమ్మిదింటిని తీర్చి మిగులును. పదిమంది చూచుచుండగా తొమ్మిది మారులు అవివేకివలె ముక్కలు చూపించుకొని ఓడుటకు సిద్ధపడనివాడు ఈ విద్య నేర్వజాలడు. అభిమానమును చంపుకొనుట అని పెద్దలు చెప్పు మాటకు ఇంతకంటె చిన్న ఉదాహరణము దొరకుట కష్టము, చిన్నదైనను కల్లకాదు.

కోపము సంగతి వేరు. రెండు ఆసులు చేతికి వచ్చుట 221 పంపకములకు ఒకమారు. అంతకంటె మేలైన జత లేదు. అయినను ఎదుటి తొమ్మిదిమందియు చివరివరకు నిలిచినచో ఆసులు గెలుచునది పదింట మూడు మారులు మాత్రమే. పదిమందిలో ఒకనికి రావలసిన న్యాయభాగము పదింట ఒకటి. మూడు వచ్చినది గొప్ప లాభమే. కాని ఏడు మారులు ఓడినది కండ్లకు కట్టును. స్వల్పపందెపు బల్లలపై జనులు సులభముగ తప్పుకొనరు. ఏ ముక్కలతోనైనను చివరివరకు వచ్చెదరు. అందుచేత కొంత నేర్చిన క్రొత్తవాడు, వీరికి ఆట తెలియదు, వీరి మూర్ఖత వలననే తాను ఓడితినని ఆక్రోశించును. ఇందలి వింత ఏమనగా, దీర్ఘకాలమున వానికి లాభము వచ్చునది ఆ మూర్ఖత వలననే. తనను పోషించు దోషమునే వాడు నిందించుచున్నాడు. ఈ కోపమునకు లోబడి చెడు ముక్కలతో ఆడసాగుటకు ఆటగాండ్రు టిల్ట్ అను పేరు పెట్టిరి. అనగా ఒరుగుట, సమత్వము తప్పుట.

ఎన్నాళ్లు ఆడిన తన నడక సరియైనదో కాదో తేలును? పుస్తకములలో బహుకాలముగ చెప్పబడుచున్న అంచనా ప్రకారము ఈ ఆటలో చక్కని ఆటగానికి గంటకు సగటున ఒక పెద్ద పందెము మిగులును. గంటకు కలుగు ఎగుడుదిగుడు అంతకు పదిరెట్లు. రెండు–నాలుగు బల్లయందు లాభము 4 డాలర్లు, ఊగిసలాట 40 డాలర్లు. ఈ అంకెలు సరియైనవనుకొనినచో, నూరు గంటలు నిర్దోషముగ ఆడినవారు ఆరుగురు ఉన్నచో వారిలో సుమారు ఒకడు అప్పటికిని నష్టములోనే యుండును. అట్లే గంటకు 4 డాలర్లు పోగొట్టుకొనదగిన ఆట ఆడిన ఆరుగురిలో ఒకడు లాభముతో లేచి, తాను నేర్పరినని నమ్మి ఇంటికి పోవును. నూరు గంటల ఫలము సైతము కర్మమును గూర్చి చెప్పలేకపోయినదన్నమాట. పెండ్లి, వ్యాపారము, వైద్యము వంటి విషయములలో మనుష్యునకు నూరు మారులు దొరకవు. ఒకమారో రెండుమార్లో దొరకును. ఆ ఒక్క ఫలమును చూచియే తీర్పులు చెప్పుచున్నారు.

కెనడా దేశమందలి అల్బెర్టా విశ్వవిద్యాలయమువారు ఇద్దరే ఆడు లిమిట్ హోల్డెమ్ ఆటను యంత్రముచే సాధించితిమని 2015 జనవరిలో ప్రకటించిరి. మనుష్యుడు జీవితాంతము దానితో ఆడినను దానిని ఓడింపగల నేర్పు తనకు కలదని నిరూపింపజాలనంతటి పరిపూర్ణతకు అది చేరినది. ఆ యంత్రము నేర్చిన పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో పశ్చాత్తాపమను మాట యుండుట గమనింపదగినది. ప్రతి సందర్భమునందును వేరొక విధముగ చేసియున్నచో ఎంత మిగిలెడిది అని అది లెక్కించుకొని, ఆ చింత తగ్గునట్లు తన నడకను దిద్దుకొనును. కాని అది చింతించునది తెరచుకొన్న ఒక్క ముక్కను గూర్చి కాదు. తెరచుకొనగల ముక్కలన్నింటిని గూర్చి. ఏడు, రెండు పడవేసి విలపించిన క్రొత్తవాని చింతకును దీనికిని భేదమదియే.

ఇంతవరకు చెప్పినది విన్నవాడు ఈ ఆట నిష్కామకర్మమునకు పాఠశాల యని భ్రమపడవచ్చును. కొందరు నేర్పరులైన జూదరులు అట్లు చెప్పుకొనుటయు కలదు: ఫలమును ఆశింపము, సరియైన నిర్ణయమే మా పని, గెలుపోటములు సమానమని. ఇచటనే నిలిచి ఆలోచింపవలెను. ఫలముపై మనస్సు లేకుండుట కర్మమును నేర్పుగ చేయించును. కర్మమును ధర్మముగ మార్చునా? దొంగయు చేయి వణకకుండ తాళము తీయగలడు.

గంటకు 30 పంపకములు జరిగి, ప్రతి రాశినుండి గృహస్వామి 4 డాలర్లు తీసికొనుచున్నాడనుకొనినచో గంటకు 120 డాలర్లు బల్లనుండి వెడలిపోవును. మిగిలిన ధనమే ఆటగాండ్ర మధ్య చేతులు మారును. అది పండినది కాదు, నేసినది కాదు. ఒకని జేబునుండి తీసినదే మరియొకని జేబున చేరును. నేర్పరి గంటకు 4 డాలర్లు సంపాదించుటకు ఎదుటివారు ఆ నాలుగును, తమ వంతు గృహభాగమును, వాని వంతు గృహభాగమును కూడ ఓడవలెను. అందుచేతనే ఆట నేర్పు పుస్తకములన్నియు ఒక విషయమున ఏకగ్రీవముగ నుండును: బాగుగ ఆడుటకంటె తగిన బల్లను ఎంచుకొనుట ముఖ్యము. తగిన బల్ల యనగా తెలియనివారు ఎక్కువగ కూర్చున్న బల్ల.

క్రొత్తగా వచ్చినవాడు మొదటి మాసములలో ఆ తెలియనివారిలో ఒకడు. వాని అజ్ఞానము వలన ఇతరులు తినుచుండిరి. పుస్తకములు చదివి, లెక్కలు వేసి, కోపమును అణచి, ఒకనాటికి వాడు బల్లకు ఆవలి ప్రక్కకు దాటును. ఆ దాటిన దినము వానికి తెలియదు. మూడవమారు బిళ్లలు కొనుటకు లేచి పోవుచున్న ప్రక్కవాని ముఖము ఏ అద్దె డబ్బుతోనో వచ్చినవాని ముఖమువలె తోచినపుడు, పుస్తకము ఒక మాట చెప్పును: ఇది మంచి బల్ల, లేవకుము. లెక్కప్రకారము అది సరియైన మాట. ఆఠీనుల లెక్క ఎంత సరియైనదో ఇదియు అంత సరియైనది. ఈ ఘట్టమున ఫలాపేక్ష లేకుండుట వానికి సాయపడదు. పైగా కన్ను మూయుటకు తోడ్పడును.

న్యాయస్థానములు ఈ ప్రశ్నను వేరొక విధముగ అడుగును: ఆటయందు నేర్పు ఎక్కువా, అదృష్టము ఎక్కువా అని. సికింద్రాబాదునందలి ఒక క్లబ్బు వ్యవహారమున రమ్మీ ప్రధానముగ నేర్పుతో కూడిన ఆట యని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పినది. అంతర్జాలమున ధనమొడ్డి ఆడు ఆటలను నేర్పు, అదృష్టము అను భేదము పాటింపక నిషేధించు చట్టమును పార్లమెంటు 2025 ఆగస్టులో చేసినది. చట్టపు దృష్టిలో నేర్పు చాలకాలము దోషపరిహారముగ ఉండెను. ధర్మదృష్టిలో అది తలక్రిందులుగ కనబడును. కేవలము అదృష్టముపై ఆడు ఇద్దరును సమానముగ గ్రుడ్డివారు. నేర్పు గలవాడు మాత్రము చూచుచునే తీసికొనుచున్నాడు. శకునికి నేర్పు లేదని ఎవరు చెప్పగలరు?

నేర్పును గూర్చి భారతము ఊరకుండలేదు. నన్నయభట్టు ఆంధ్రీకరించిన అరణ్యపర్వమున బృహదశ్వుడు ధర్మరాజునకు చెప్పిన నలోపాఖ్యానము కలదు. శ్రీనాథుని శృంగారనైషధము పాచికలాట వరకు రాదు గనుక, దానిని మాత్రమే చదివినవారు ఈ ఘట్టమును ఎరుగకపోవచ్చును. బాహుకుడను పేరున సారథియైయున్న నలుడు ఋతుపర్ణమహారాజును రథముపై తీసికొనిపోవుచుండగా త్రోవలో ఒక విభీతక వృక్షము, అనగా తానిచెట్టు, కనబడినది. ప్రాచీనకాలమున పాచికలుగ వాడినవి దాని కాయలే. రాజు ఆ చెట్టును చూచి, రెండు కొమ్మలపై ఆకులు అయిదు కోట్లు, కాయలు 2,095 అని చెప్పెను. ఆలస్యమగునని రాజు తొందరపడుచున్నను నలుడు రథము దిగి, చెట్టు పడగొట్టి లెక్కించి, అది నిజమని తెలిసి ఆశ్చర్యపడెను. గణనవిద్యయు పాచికల రహస్యమైన అక్షహృదయమును తాను ఎరుగుదునని ఋతుపర్ణుడు చెప్పగా, తన అశ్వహృదయమును బదులుగ ఇచ్చి నలుడు దానిని గ్రహించెను. ఆ క్షణముననే కలిపురుషుడు వాని దేహమునుండి వెడలి ఆ చెట్టును ఆశ్రయించెను.

తపస్సు చేతనో తీర్థయాత్ర చేతనో పోవలసిన కలి లెక్క తెలియుటచేత పోయినట్లు వ్యాసమహర్షి వ్రాసినది ఊరక వ్రాసినది కాదు. లెక్క తెలిసినవానికి, పోయినది ఈ మారు రాకతప్పదను జూదరి నమ్మకము నిలువదు. ఆ నమ్మకమే కలి. అయినను కథ అచట ముగియలేదు. నలుడు తిరిగివచ్చి పుష్కరుని పిలిచి ఒక్క పణముతో రాజ్యమును గెలిచిన పిమ్మట వానిని అడవులకు పంపలేదు. నాడు గెలిచినది నీవు కాదు, కలి యని చెప్పి, వాని భాగమును వానికి ఇచ్చి పంపెను. విద్య వలన వచ్చినది గెలుపు. ఎదుటివానిని సోదరునిగ చూచిన చూపు ఋతుపర్ణుడు ఇచ్చినది కాదు. అది ఏ లెక్కయందును లేదు.

కథ చెప్పిన బృహదశ్వుడు ధర్మరాజునకు ఆ అక్షహృదయమును ఉపదేశించి పోయెను. అజ్ఞాతవాసమున కంకుభట్టు పేరిట ధర్మరాజు విరటుని కొలువులో పాచికలాడి, గెలిచినదానిని రాజునకు తెలియకుండ తమ్ములకు ఇచ్చుచుండెను. అన్నము పెట్టిన రాజుతో ఆడిన ఆ ఆటను మెచ్చుకొనుట అంత సులభము కాదు. కాని ఉత్తరుని విజయవార్త విని పొంగిపోయి జూదమునకు పిలిచిన విరటుని, ద్యూతమువలన యుధిష్ఠిరుడు ఏమైనాడో వినలేదా యని వారించినవాడును ఆ కంకుభట్టే. ఆనాటి ఆటలో మాటకు మాట పెరిగి విరటుడు విసరిన పాచిక ముఖమునకు తగిలి రక్తము కారినను ఓర్చుకొనెను. పదుమూడేండ్లు నిండినవి. ఇపుడు శకునికి సమానమైన విద్య చేతనున్నది. హస్తినాపురమున సభ యున్నది. పిలిచినచో దుర్యోధనుడు కాదనువాడు కాడు. ధర్మరాజు అయిదూళ్లు చాలునని రాయబారము పంపెను గాని, పాచికలు తెమ్మని అడుగలేదు.